గ్రానైట్ కంప్రెసివ్ స్ట్రెంత్ ఎలా కొలవాలి? కోర్ తీయడం నుంచి రిపోర్టు దాకా

కంప్రెసివ్ స్ట్రెంత్ అంటే రాయి ఎంత నొక్కుడుకి ఆగుతుందో చెప్పే అంకె. దాన్ని కొలవడం వినడానికి చాలా సులువైన పని. రాయి ముక్క కోయాలి, మెషీన్‌లో పెట్టి పగిలేదాకా నొక్కాలి, పగిలినప్పుడు ఉన్న లోడ్‌ని ముక్క అడ్డుకోత వైశాల్యంతో భాగించాలి. లెక్క నిజంగానే అంతే. కానీ ఒకే బండలోంచి తీసిన ముక్కలకి ఒక ల్యాబ్ 180 మెగాపాస్కల్ (ఒక మెగాపాస్కల్ అంటే చదరపు మిల్లీమీటరుకి ఒక న్యూటన్) అని, ఇంకో ల్యాబ్ 120 అని రాసిస్తే, తేడా చాలావరకు మెషీన్ దగ్గర వచ్చి ఉండదు, ముక్క కోసి దాని చివరలు చదును చేసిన దగ్గరే వచ్చి ఉంటుంది. అందుకే ఇక్కడ ముక్క తయారీ గురించే ఎక్కువ చెబుతాను.

అసలు మీకు ఈ టెస్టే కావాలా అన్నది కూడా ముందే చూసుకోండి. వంటింటి గట్టు మీద వేసే గ్రానైట్ పలక విరిగేది వంగడం వల్ల, దానికి చూడాల్సింది ఫ్లెక్సురల్ స్ట్రెంత్, అంటే వంగుడుకి ఆగే బలం. వంగినప్పుడు రాయి అడుగుభాగం సాగుతుంది, సాగుడుకి గ్రానైట్ ఆగేది నొక్కుడుకి ఆగేదాంట్లో సుమారు పదో వంతు, చాలాసార్లు అంతకన్నా తక్కువే. కాబట్టి షాపువాళ్లు కంప్రెసివ్ స్ట్రెంత్ అంకె చూపించి పలక అమ్మితే దానికి పెద్ద అర్థం లేదు. రోడ్డు కంకరకైతే క్రషింగ్ వాల్యూ, ఇంపాక్ట్ వాల్యూ వేరే టెస్టులు. పునాది రాయి, సొరంగం, డ్యామ్, రాతి స్తంభం, క్వారీ డిజైన్ లాంటివాటికే ఇప్పుడు చెప్పబోయేది.

1. రాయి ఎంచుకోవడం

హైదరాబాద్ చుట్టుపక్కల చాలాచోట్ల తవ్వితే పైన మొరం, దాని కింద మెత్తబడిన రాయి, ఆ తర్వాతే గట్టి గ్రానైట్ తగులుతాయి. మెత్తబడిన రాయిలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కొంత మట్టిగా మారిపోయి ఉంటుంది, దాని బలం తాజా రాయిలో సగానికి, ఇంకా కిందికి కూడా పడిపోవచ్చు. రెండింటి ముక్కలూ కలిపేసి సగటు తీస్తే ఆ అంకె ఏ రాయిదీ కాదు. సుత్తితో కొట్టి చూడండి, తాజా రాయి ఖంగుమంటుంది, మెత్తబడింది మొద్దుగా మోగుతుంది. బ్లాస్టింగ్ చేసిన ముఖం నుంచి తీయొద్దు, అందులో కంటికి కనపడని పగుళ్లుంటాయి.

పొరలున్న రాయైతే పొరలు ఎటు ఉన్నాయో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. తాండూరు బండ, కడప బండ లాంటివాటిలో పొరకి అడ్డంగా నొక్కితే ఒక బలం, పొర వెంట నొక్కితే ఇంకొకటి వస్తుంది, పొర ఏటవాలుగా ఉంటే ముక్క ఆ పొర మీదే జారిపోయి అన్నింటికన్నా తక్కువ వస్తుంది.

2. కోర్ తీయడం

డైమండ్ బిట్‌తో స్తంభంలాంటి కోర్ తీస్తారు. మామూలుగా వాడేది ఎన్‌ఎక్స్ సైజు, అంటే 54 మిల్లీమీటర్ల వ్యాసం. అంతర్జాతీయ రాక్ మెకానిక్స్ సంఘం సూచించిన పద్ధతిలో పొడవు వ్యాసానికి 2.5 నుంచి 3 రెట్లు ఉండాలి, అంటే 54 మి.మీ. కోర్‌కి 135 నుంచి 162 మి.మీ. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 9143 కూడా ఇలాంటి పొడవు కోర్ల మీద చేసే పద్ధతే. కట్టడపు రాళ్లకి వాడే ఐఎస్ 1121లో మాత్రం ఘనాలు, పొట్టి ముక్కలు ఉంటాయి.

పొడవు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ముక్క నొక్కుకునేటప్పుడు పక్కలకి ఉబ్బాలని చూస్తుంది, స్టీలు ప్లేటు రాపిడితో దాని రెండు చివరల్నీ బిగబట్టి ఉంచుతుంది. ముక్క పొట్టిగా ఉంటే ఆ బిగింపు నడిమిదాకా పాకి, రాయికి లేని బలం చూపిస్తుంది. పొడవు వ్యాసానికి రెట్టింపున్న ముక్కతో పోలిస్తే పొడవు, వ్యాసం సమానంగా ఉన్న ముక్క సుమారు 12 శాతం ఎక్కువ చూపిస్తుందని పాత సవరణ సూత్రం లెక్క. ఎవరైనా పెద్ద అంకె చెబితే ముందు ముక్క ఆకారం అడగండి.

ఇంకో నియమం చాలామంది వదిలేస్తారు: కోర్ వ్యాసం రాతిలోని అతిపెద్ద రేణువుకి కనీసం పది రెట్లుండాలి. కరీంనగర్ టాన్ బ్రౌన్ రకం గ్రానైట్‌లో ఎర్రగోధుమ ఫెల్డ్‌స్పార్ ముక్కలు కొట్టొచ్చినట్టు పెద్దగా ఉంటాయి. అవి సెంటీమీటరున్నాయనుకోండి, 54 చాలదు, 100 మి.మీ. కోర్ కావాలి. అప్పుడు 175 మెగాపాస్కల్ దగ్గర పగలాలంటే దాదాపు 1,375 కిలోన్యూటన్లు కావాలి, 1,000 కిలోన్యూటన్ల మెషీన్ చాలదు.

కోతంతా నీళ్లు పోస్తూనే చేయండి. పొడి కోతలో లేచే సిలికా దుమ్ము సిలికోసిస్ తెస్తుంది, అది నయమయ్యే జబ్బు కాదు.

3. చివరలు చదును చేయడం

అసలు కష్టమంతా ఇక్కడే. రంపంతో కోసి వదిలేసిన ముఖం కంటికి నున్నగానే ఉంటుంది, కానీ కావాల్సింది 0.02 మి.మీ. లోపు సమతలం, అంటే తల వెంట్రుక మందంలో మూడో వంతు. సర్ఫేస్ గ్రైండర్ లేకుండా ఇది రాదు. తర్వాత డయల్ గేజ్ ముఖం మీద అడ్డంగా, నిలువుగా జరిపి, అతిపెద్ద రీడింగుకీ అతిచిన్నదానికీ తేడా చూడండి. ముఖం ముక్క నిలువు అక్షానికి లంబంగా కూడా ఉండాలి, 50 మి.మీ.కి 0.05 మి.మీ. కంటే వాలు ఉండకూడదు. పక్కలు మొత్తం పొడవునా 0.3 మి.మీ. లోపు తిన్నగా ఉంటే చాలు, అక్కడ అంత టెన్షన్ అక్కర్లేదు.

ముఖం మీద చిన్న ఎత్తు ఉంటే లోడంతా మొదట దాని మీదే పడి, అక్కడ్నుంచి పగులు మొదలై ముక్క నిలువునా చీలుతుంది. అలా చేతికొచ్చేది రాతి బలం కాదు, గ్రైండింగ్ ఎంత బాగా చేశారన్న లెక్క. కాంక్రీట్ ల్యాబుల్లో అలవాటైన సల్ఫర్ క్యాపింగ్, అంటే కరిగించిన గంధకంతో చివరలకి వేసే పూత, ఇక్కడ వేయొద్దు. క్యాప్ రాయికన్నా మెత్తన, నొక్కితే పక్కలకి సాగుతూ రాతి చివరని కూడా లాగి చీలుస్తుంది.

4. కొలతలు

పైన, మధ్యన, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో వెర్నియర్‌తో వ్యాసం కొలిచి సగటు తీయండి. ముక్క తడిగా ఉందా పొడిగా ఉందా రాసుకోండి. గ్రానైట్‌కి ఆ తేడా తక్కువే, ఇసుకరాయి, షేల్ మాత్రం తడిస్తే బాగా బలం పోగొట్టుకుంటాయి.

5. నొక్కడం

పైభాగంలో గోళాకారపు సీటు (ముక్క ముఖానికి సరిగ్గా ఆనేలా కొద్దిగా వాలే ప్లేటు) ఉన్న మెషీన్ కావాలి, ముక్క సరిగ్గా నడిమిన ఉండాలి. మెషీన్ చుట్టూ గార్డు తలుపు వేయకుండా మొదలుపెట్టొద్దు. గ్రానైట్ కాంక్రీట్‌లా మెల్లగా నలగదు, తుపాకీ పేలినంత చప్పుడుతో పేలి ముక్కలు ఎగురుతాయి. కళ్లద్దాలు తప్పనిసరి.

లోడ్ సెకనుకి 0.5 నుంచి 1 మెగాపాస్కల్ చొప్పున పెంచాలి. 54 మి.మీ. కోర్‌కి అది సెకనుకి 1.15 నుంచి 2.3 కిలోన్యూటన్లు. కాంక్రీట్ క్యూబుల మెషీన్ వాడుతుంటే ఇక్కడ జాగ్రత్త. 150 మి.మీ. క్యూబుకి పెట్టే పేస్ రేట్ (లోడ్ పెంచే వేగం) సెకనుకి సుమారు 5.2 కిలోన్యూటన్లు, దాన్ని మార్చకుండా కోర్ పెడితే వేగం ఉండాల్సిన గరిష్ఠానికి రెట్టింపు దాటుతుంది. వేగంగా నొక్కితే రాయి ఉన్నదానికన్నా బలంగా కనిపిస్తుంది.

6. లెక్క

54 మి.మీ. వ్యాసానికి వైశాల్యం 2,290 చదరపు మి.మీ. 400 కిలోన్యూటన్ల దగ్గర పగిలిందనుకుంటే, 4,00,000 ÷ 2,290 = 174.7, అంటే 175 మెగాపాస్కల్. దాదాపు 41 టన్నుల బరువన్నమాట, గుప్పిట్లో పట్టే ముక్క మీద! తాజా గ్రానైట్‌కి సాధారణంగా 100 నుంచి 250 దాకా వస్తుంది, 175 మామూలు అంకే.

కనీసం ఐదు ముక్కలు చేయండి. 168, 175, 181, 172 వచ్చి ఐదోది 92 వస్తే దాన్ని చెత్తబుట్టలో వేయాలనిపిస్తుంది. ముందు పగిలిన ముక్కలు ఏరి చూడండి. పాత పగులు మీద తుప్పు మరక కనిపిస్తే కారణం దొరికినట్టే, అప్పుడు కూడా ఆ అంకెని విడిగా, కారణంతో సహా రిపోర్టులో ఉంచాలి. కారణం కనిపించకపోతే అది ఆ బండ లక్షణమే కావచ్చు.

ల్యాబ్ అందుబాటులో లేకపోతే

పాయింట్ లోడ్ టెస్టర్ జీపులో వేసుకెళ్లొచ్చు, గ్రైండింగ్ అక్కర్లేదు. కోర్‌ని పడుకోబెట్టి రెండు మొనల మధ్య నొక్కుతారు. 54 మి.మీ. కోర్ 22 కిలోన్యూటన్ల దగ్గర పగిలితే, వ్యాసం వర్గంతో భాగించి 50 మి.మీ. సైజుకి సరిచేస్తే 7.8 మెగాపాస్కల్ వస్తుంది, దాన్ని 22తో గుణిస్తే సుమారు 172 మెగాపాస్కల్. గుణించిన ఈ 22 (లోడ్ 22తో దీనికి సంబంధం లేదు) ఏ రాయికైనా పనికొచ్చే అంకె కాదు, గట్టి రాళ్లకి 20 నుంచి 25 మధ్య వాడతారు, పొరల రాళ్లకి ఇంకా దూరం పోతుంది. తాండూరు పలకలాంటి పల్చటి రాయిలోంచి నిలువుగా 135 మి.మీ. కోర్ రాదు కాబట్టి అక్కడ ఇదే దిక్కు.

బయటి ల్యాబ్‌కి పంపేవాళ్లు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఈ టెస్టుకే ఉందా అని చూసుకోండి, కాంక్రీట్‌కి ఉంటే సరిపోదు. చివరలు గ్రైండర్ మీద చేస్తారా, రంపంతో కోసి వదిలేస్తారా అని ఫోన్లోనే అడగండి. రిపోర్టులో ప్రతి ముక్క వ్యాసం, పొడవు, తడి పొడి, పొరల దిక్కు, లోడ్ వేగం, పగిలిన తీరు విడివిడిగా రాసిమ్మనండి, సగటు ఒక్కటే ఇస్తామంటే డబ్బు కట్టకముందే వేరేచోటు చూసుకోండి.