మృగశిరకు ముందే ముగించాల్సిన పని: స్పోర్ట్స్ కారు లైట్లు ఇంట్లో మార్చేవాళ్లకు జాగ్రత్తలు

హెడ్‌లైటు విప్పడం కష్టం కాదు. విప్పినదాన్ని నీళ్లు పట్టకుండా మళ్లీ మూయడమే అసలు పని. లోపలి ఫ్రేముకు నల్ల రంగు వేయడం, ప్రొజెక్టర్ (ముందు లెన్సు ఉన్న లైటు యూనిట్) బిగించడం, వెలుగు రింగులు పెట్టడం అన్నీ కలిపి, రంగు ఆరే రోజులు వదిలేస్తే, ఒకటిన్నర రోజులో అయిపోతాయి. అద్దం అంచున గమ్ము సరిగ్గా కూర్చోలేదంటే మాత్రం జూన్‌లో మొదటి పెద్ద వానకే బయటపడుతుంది. బెంజ్ సర్కిల్లో బయల్దేరి వారధి దాటి మంగళగిరి చేరేలోపు అద్దం లోపల చెమట పట్టేస్తుంది. అందుకని విజయవాడ, గుంటూరు వాళ్లకు మా మాట ఒకటే. ఈ పని మే నెలలో పెట్టుకుని, మృగశిర కార్తెకు కనీసం వారం ముందు ముగించండి. అప్పటికి కుదరకపోతే సంక్రాంతి దాకా ఆగండి. మన దగ్గర నైరుతి వానలు వెళ్లీ వెళ్లకముందే ఈశాన్యం మొదలవుతుంది కాబట్టి మధ్యలో పొడి రోజులు దొరుకుతాయని నమ్ముకోవద్దు.

నీళ్లు లోపలికి ఎలా వెళ్తాయో తెలిస్తే సగం జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి. లైటు వెలుగుతున్నప్పుడు లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, వెనకున్న చిన్న గాలి గొట్టాల్లోంచి కొంత బయటికి పోతుంది. అప్పుడు వాన పడి అద్దం చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని బయటి గాలిని పీల్చుకుంటుంది. గొట్టం తెరిచి ఉంటే గాలి దాంట్లోంచే వస్తుంది, ఏ బాధా లేదు. గొట్టం మూసుకుపోతే అంచున వెంట్రుకవాసి సందున్నా అక్కడి నుంచే, నీళ్లతో సహా లాగేస్తుంది. నీళ్లొస్తాయన్న భయంతో గాలి గొట్టాలకు కూడా సిలికాన్ కొట్టేసేవాళ్లు చేసేది సరిగ్గా ఈ పొరపాటే.

కొనే ముందు

మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం. డిమ్ వెలుగు గోడ మీద పడితే కుడి వైపు అడ్డంగా సమానంగా ఉండి, ఎడమ వైపు మెట్టులా పైకి లేవాలి. ఆ లేచిన భాగం మన పక్క రోడ్డు అంచున నడిచేవాళ్లను చూపిస్తుంది. అమెరికా, యూరప్ రోడ్లకు తయారైన ప్రొజెక్టర్లలో మెట్టు కుడి వైపు ఉంటుంది. దాన్ని ఇక్కడ బిగిస్తే లేచిన వెలుగంతా ఎదురొచ్చే వాడి కళ్లల్లో పడుతుంది. ఎంత కిందికి దించినా ఆ తప్పు పోదు, దించేకొద్దీ మీ రోడ్డే చీకటవుతుంది. ఆన్‌లైన్లో తెప్పించేటప్పుడు కుడి స్టీరింగ్ రకమా కాదా అని రాతపూర్వకంగా అడగండి. పార్సిల్ రాగానే, కారు విప్పకముందే, 12 వోల్టుల బ్యాటరీకి కలిపి వెలుగు గోడ మీద వేసి చూడండి.

హాలోజెన్ డూములో (లైటు డొప్పలో) కేవలం బల్బు తీసి ఎల్ఈడీ బల్బు పెట్టడం అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా చెడ్డ మార్పు కూడా. బల్బు వెనకుండే మెరిసే గిన్నెను, అంటే రిఫ్లెక్టర్‌ను, ఫిలమెంటు ఉండే చోటును లెక్కలోకి తీసుకుని చెక్కుతారు. వెలుగు పుట్టే చోటు రెండు మిల్లీమీటర్లు జరిగినా బీము చెదిరిపోతుంది. కారు ముందు పది అడుగులు తెల్లగా మెరుస్తుంది గనక బాగుందనిపిస్తుంది, దూరం మాత్రం కనపడదు.

రంగు విషయంలో 4300 నుంచి 5000 కెల్విన్ దాటొద్దు. 6500 కెల్విన్ నీలి తెలుపు షోరూములో అందంగా ఉంటుంది. తడిసిన తారు మీద ఆ వెలుగు ఉందో లేదో కూడా తెలియదు.

ఫ్యాక్టరీలోనే ఎల్ఈడీ మాట్రిక్స్ లైట్లతో (విడివిడిగా వెలిగి ఆరే ఎల్ఈడీల వరసలతో) వచ్చిన కార్ల జోలికి వెళ్లకండి. లోపలి మాడ్యూళ్లు కారు కంప్యూటర్‌తో ముడిపడి ఉంటాయి. ఒకటి పాడైతే మొత్తం లైటు మార్చాల్సి రావచ్చు.

చట్టం సంగతి కూడా ముందే తెలుసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కారు ముందు వైపు ఎర్ర, నీలి లైట్లు, మిణుకు మిణుకుమనే బ్రేకు లైట్లు అసలు వద్దు. తీసిన పాత సెట్టును అమ్మేయకుండా అట్టపెట్టెలో దాచుకోండి.

విప్పేటప్పుడు

బ్యాటరీ నెగటివ్ తీసి పదిహేను నిమిషాలు ఆగాకే బంపర్ మీద చేయి వేయండి. చాలా కార్లలో హెడ్‌లైటు రావాలంటే బంపర్ దిగాల్సిందే, దాని వెనక ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు, పార్కింగ్ సెన్సర్ల వైర్లు ఉంటాయి. జినాన్ లైట్లయితే ఇంకా జాగ్రత్త. వెలిగే క్షణంలో బ్యాలస్ట్ (వోల్టేజీ పెంచే పెట్టె) నుంచి 20 వేల వోల్టులకు పైగా వస్తుంది.

లైటు చేతికొచ్చాక అంచున బయటికి కనపడే గమ్మును గోటితో నొక్కండి. గోరు దిగితే అది బ్యూటైల్, వేడికి వదులుతుంది. ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంటే అది వేడికి లొంగే రకం కాదు. బలవంతం చేస్తే లైటును బిగించే చెవులు విరుగుతాయి, అద్దం చీలుతుంది. అక్కడితో ఆపేయండి.

బ్యూటైల్‌కు 100 డిగ్రీలు, ఎనిమిది నిమిషాలు చాలు. వదలకపోతే వేడి పెంచకుండా ఇంకో నాలుగు నిమిషాలు ఉంచండి. పాలీకార్బొనేట్ అద్దం 147 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది గానీ లోపలి నల్ల ఫ్రేములు అంతకు చాలా ముందే వంకర పోతాయి. స్పోర్ట్స్ కారు లైటు పొడవుకు ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) సరిపోదు. అందుకని పౌడర్ కోటింగ్ ఓవెన్లో పెట్టించాలని కొందరు చూస్తారు. వాటిని రంగు కోసం 180 నుంచి 200 డిగ్రీల మీద నడుపుతారు, మీ లైటు ముద్దయి వస్తుంది. ఓవెన్ దొరక్కపోతే హీట్ గన్నును జానెడు దూరంలో ఉంచి, ఒక్క చోట ఆపకుండా అంచు చుట్టూ తిప్పుతూ, వెడల్పాటి ప్లాస్టిక్ పట్టీతో ఒక మూల నుంచి కొద్దికొద్దిగా తెరవండి. స్క్రూడ్రైవర్ గుచ్చారంటే అంచు మీద గాటు పడుతుంది. రేపు నీళ్లొచ్చేది ఆ గాటులోంచే. వేడి చేసే ముందు బల్బులు, బ్యాలస్టు, వెనక మూతలు, అంచున ఉన్న ప్రతి స్క్రూ, ఇనుప క్లిప్పు తీసేయాలి. ఒక్క స్క్రూ మర్చిపోయినా అద్దం అక్కడే చీలుతుంది.

లోపలికి చేయి పెట్టేటప్పుడు రిఫ్లెక్టర్‌ను ముట్టుకోకండి, తుడవకండి. ఆ మెరుపు పలచటి అల్యూమినియం పూత, మెత్తటి గుడ్డకే గీతలు పడుతుంది. దుమ్ముంటే గాలి ఊదండి, అంతే. నల్ల రంగు ఫ్రేముకే గానీ రిఫ్లెక్టర్‌కు కాదు. రంగు వేసినదాన్ని మూడు రోజులు మే ఎండలో ఆరనివ్వండి. పచ్చి రంగు మీద మూసేస్తే లైటు వేడికి ఆవిరి లేచి అద్దం లోపల తెల్లటి పొరలా పడుతుంది. దాన్ని తుడవాలంటే మళ్లీ విప్పాల్సిందే. అద్దాన్ని థిన్నర్‌తోనో పెట్రోలుతోనో శుభ్రం చేయొద్దు, వారంలో సాలెగూడులా సన్న పగుళ్లు వస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి.

మూసేటప్పుడు

పాత గమ్మును గాడిలోంచి పూర్తిగా తీయాలి. కొత్తది పాతదాని మీద పట్టదు. కొత్త గమ్ము తాడులా వస్తుంది. ఎంత తాడు కావాలో అంచనా వేయొద్దు, గాడి చుట్టూ దారం పెట్టి కొలిచి, ఒక్కో లైటుకు 10 సెంటీమీటర్లు ఎక్కువ కొనండి. బ్యూటైల్ తాడును ఎక్కడా తెంచకుండా ఒకే ముక్కగా వేసి, చివరలు ఒకదాని మీద ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కేలా, ఆ అతుకు లైటు పైభాగంలోనో కిందనో కాకుండా పక్కన వచ్చేలా చూసుకోండి. పైన నీళ్లు పడతాయి, కింద నిలుస్తాయి. మళ్లీ వేడి చేసి అద్దం నొక్కి, క్లిప్పులూ స్క్రూలూ పెట్టి, అంచు చుట్టూ గమ్ము సమానంగా పొంగిందో లేదో చూడండి. పొంగని చోటు ఖాళీ ఉన్న చోటే.

బాత్రూం సిలికాన్ పనికిరాదు. వెనిగర్ వాసనొచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, రిఫ్లెక్టర్ మసకబారుతుంది. తప్పనిసరైతే వాసన లేని న్యూట్రల్ రకం తీసుకోండి.

మూసే పని ఏసీ గదిలో పెట్టుకోండి. బయట ఉక్కగా ఉన్నప్పుడు మూస్తే ఆ తేమనే లోపల బంధించినట్టు.

పరీక్షకు లైటును బకెట్లో ముంచకండి. వెనక మూతలన్నీ బిగించి, ఒక గాలి గొట్టం వదిలి మిగతావాటిని టేపుతో మూసి, ఆ ఒక్కదానికి సన్న ట్యూబు తగిలించి నోటితో మెల్లగా ఊదండి. అంచంతా సబ్బు నీళ్లు పూయండి. బుడగ లేచిన చోట మళ్లీ వేడి చేసి నొక్కాలి. అయ్యాక టేపు తీయడం మర్చిపోకండి. టేపు మర్చిపోయిన లైటులో గమ్ము ఎంత బాగున్నా నీళ్లొస్తాయి.

వైరింగ్

55 వాట్ల రెండు బల్బులకు దాదాపు 9 ఆంపియర్లు పోతుంది. 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, నాలుగు పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) దానికి సరిపోతాయి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. రిలే దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకున్నప్పుడు మంట ఆపేవాడుండడు. 100/90 వాట్ల బల్బులు పెడితే వెలుగు కన్నా ముందు హోల్డరు కరుగుతుంది. బ్యాటరీ డిక్కీలో ఉండే బీఎండబ్ల్యూల్లాంటి కార్లలో పవరు బానెట్ కింద ఉన్న జంప్ పాయింటు నుంచి తీసుకోండి, ఎర్తు బాడీకే ఇవ్వండి. నెగటివ్ పోస్టు మీద సెన్సర్ ఉంటుంది, నేరుగా అక్కడ కలిపితే దాని లెక్క తప్పుతుంది.

వైరు కోసి చుట్టి టేపు కొట్టడం మానండి. మే ఎండకు జిగురు కారిపోతుంది, జూన్‌కు టేపు ఊడి వేలాడుతుంది. క్రింప్ చేసి (లోహపు తొడుగులో నొక్కి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేయండి. కనెక్టరుకు చేరే ముందు వైరు కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి, అప్పుడు దాని వెంట జారే నీళ్లు వంపు దగ్గరే రాలిపోతాయి. పని అయ్యాక ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర, బల్బు దగ్గర వోల్టేజీ చూడండి. తేడా అర వోల్టు దాటితే ఏదో అతుకు సరిగ్గా లేదు.

వెనక లైట్లు

టెయిల్ లైట్ల అద్దం చాలావాటిలో అక్రిలిక్, గమ్ముతో కాకుండా ప్లాస్టిక్‌నే కరిగించి అతికిస్తారు. వేడికి ఊడదు, కోయాల్సిందే. కోసినదాన్ని మళ్లీ నీళ్లు పట్టకుండా అతికించడం ఇంట్లో చాలా అరుదుగా కుదురుతుంది. అందుకే ఎక్కువమంది స్మోక్ ఫిల్ము వైపు వెళ్తారు. ఒక లెక్క చూడండి. సగం వెలుగు ఆపే ఫిల్ము వేస్తే బ్రేకు లైటు సగమవుతుంది. ఎర్ర రిఫ్లెక్టర్ మాత్రం పావు వంతే మిగులుతుంది, ఎందుకంటే వెనక బండి వెలుగు ఆ ఫిల్ములోంచి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి తగ్గుతుంది. స్పోర్ట్స్ కారు అసలే పొట్టి. హైవే మీద వానలో మిర్చి లోడుతో వచ్చే లారీ క్యాబిన్లోంచి చూస్తే అది నీటి తుంపరలో మునిగిపోయి ఉంటుంది. ఫిల్ము వేయకుండా ఉండలేకపోతే రిఫ్లెక్టర్, రివర్స్ లైటు, పైనున్న మూడో బ్రేకు లైటు వదిలేయండి.

ఎల్ఈడీ బల్బు మార్చేటప్పుడు ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్ఈడీయే పెట్టాలి. తెల్లది పెడితే గులాబీ రంగు వస్తుంది. పాత బల్బు 21/5 వాట్లు, అంటే బ్రేకుకూ టెయిల్‌కూ నాలుగింతల తేడా. కొత్తదానిలో ఆ తేడా ఉందో లేదో మధ్యాహ్నం పన్నెండింటి ఎండలో, 30 మీటర్ల దూరం నుంచి, ఒకరు బ్రేకు తొక్కుతుండగా చూడండి. అమెరికా టెయిల్ లైట్లలో ఇండికేటరు ఎర్రగా ఉండటం మామూలే, ఇక్కడ పసుపు నారింజ ఉండాలి.

ఎల్ఈడీ ఇండికేటరు గబగబా కొట్టుకుంటే 6 ఓంల, 50 వాట్ల రెసిస్టర్ పెడతారు. వెలిగినప్పుడల్లా అది దాదాపు 30 వాట్లు వేడిగా మారుస్తుంది. దాన్ని బాడీ ఇనుము మీద స్క్రూతో బిగించాలి. డబుల్ టేపుతో బంపరు ప్లాస్టిక్ మీద అతికిస్తే, హజార్డ్ లైట్లు వేసుకుని టోల్ గేటు లైన్లో నిలబడ్డ అరగంటలో ప్లాస్టిక్ మెత్తబడుతుంది. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసకగా వెలిగిందా, అది బల్బు తప్పు కాదు, ఎర్తు తప్పు. ఆ లైటు ఎర్తు వైరు తుప్పు గీకి మళ్లీ బిగించండి.

బీము సరిచూడటం

టైర్లలో గాలి సరిచూసి, డ్రైవర్ సీట్లో ఒకర్ని కూర్చోబెట్టి, లైటు ఎత్తు మార్చే లెవెలింగ్ చక్రం సున్నా మీద పెట్టి, చదునైన నేల మీద కారును గోడకు ఆనించినట్టు నిలపండి. రెండు లైట్ల మధ్యబిందువులు గోడ మీద టేపుతో గుర్తు పెట్టి, కారును తిన్నగా 5 మీటర్లు వెనక్కి తీసుకురండి. డిమ్ వెలుగు పై అంచు ఆ గుర్తులకు 5 సెంటీమీటర్లు కింద పడాలి, అది ఒక శాతం వాలు. చాలా కార్ల డూము మీదో బానెట్ కిందో ఆ శాతం ముద్రించి ఉంటుంది, అది వేరే ఉంటే దాన్నే పాటించండి. స్ప్రింగులు మార్చి కారు దించినా, వెనక బరువు పెట్టినా లెక్క మారుతుంది.

మొదటి వానలో అరగంట తిరిగొచ్చి టార్చి వేసి చూడండి. పలచటి ఆవిరి పట్టి, లైటు వేసిన అరగంటలో పోతే గాలి గొట్టాలు పని చేస్తున్నట్టే. బొట్లు కారినా, కింది మూలలో నీళ్లు చేరినా సీలు పోయినట్టు. అప్పుడు లైటు తీసి వెనక మూత విప్పి నీడలో ఆరబెట్టండి, నీళ్లు పోవడానికని కింద రంధ్రం వేయొద్దు. గుంటూరు మూడు వంతెనల కింద నీళ్లు నిలిచిన రోజు, చక్రాలు లేపిన నీరు ఆ రంధ్రంలోంచే లోపలికి వస్తుంది.