గుర్రపుడెక్క పూయకముందే చెరువులోకి దిగండి

చంద్రగిరి దగ్గర మా ఊరి చెరువులో గుర్రపుడెక్క పూసిన ఉదయం కట్ట మీద నిలబడితే చూపు మరలదు. లేత ఊదారంగు రేకులు ఆరు. పైరేకు మీద నీలి మచ్చ, దాని నడుమ పసుపు చుక్క, అచ్చం నెమలికన్ను. ఈ అందానికి ముచ్చటపడి అమెజాన్ ప్రాంతపు ఈ మొక్కను దేశదేశాలకు తీసుకెళ్ళారు. 19వ శతాబ్దం చివరికి అది బెంగాల్ చేరింది. మా చెరువులో అదే మొక్క నీళ్ళకు ఎండ తగలనివ్వక, గాలి అందనివ్వక చేపల్ని చంపింది. తూముకు అడ్డం పడితే మా వరికి ఒక తడి తప్పిపోయింది.

ఏప్రిల్, మే నెలల్లోనే తీయాలి. నీళ్ళు తగ్గి మొక్కలు ఒకచోటికి చేరతాయి. మా వైపు అక్టోబరు వానలకు చెరువు నిండితే ఇక దిగలేం. తీయడానికి దిగేసరికే పూసి ఉంటే ముందు పూకాడలు కోసి గోనెసంచిలో వేయండి. పువ్వు ఒకటి రెండు రోజుల్లో వాడిపోతుంది, కాడ నీళ్ళలోకి వంగుతుంది, గింజలు బురదలోకి చేరతాయి. పదిహేనేళ్ళ తర్వాత కూడా అవి మొలవగలవు.

మొక్కను మాత్రం ముక్కలుగా నరకవద్దు. ఉబ్బిన కాడను చీల్చి చూడండి, లోపలంతా స్పాంజిలా గాలి అరలే. అందుకే తెగిన ముక్క తేలుతూ పోయి మరోచోట పాతుకుంటుంది. అనువైన చోట రెండు వారాల్లో రెట్టింపవుతుంది.

గాలి ఏ ఒడ్డుకు తోస్తే అక్కడ మొదలుపెట్టండి. ఖాళీ డబ్బాలు కట్టిన మోకును ఇద్దరు చెరోవైపు పట్టి గుంపును దగ్గరికి లాగాలి. వెదురు గడకు ఇనుప కొక్కెం కట్టి వేళ్ళతో సహా ఎత్తాలి. ఈకల్లాంటి ఆ నల్లటి వేళ్ళలో చేపపిల్లలు చిక్కుకుని ఉంటాయి. నీళ్ళలో ఒకసారి జాడించాకే ఒడ్డున వేయండి. పాములూ ఉంటాయి, ఒంటరిగా దిగవద్దు.

కలుపుమందు జోలికి పోకండి. చచ్చిన మొక్క అక్కడే కుళ్ళి, మిగిలిన చేపల్నీ చంపుతుంది.

తీసింది కట్టకు అవతల, వేళ్ళు పైకి ఉండేలా ఆరబోయాలి. పూయని మొక్కలైతే పేడ, మట్టి పొరలతో ఎరువు చేసుకోవచ్చు. ఫ్యాక్టరీ నీళ్ళు చేరే చెరువైతే ఆ ఎరువు కూరగాయలకు వద్దు, మొక్క సీసం లాంటి లోహాలను పీల్చుకుంటుంది.

ఊరి మురుగు చెరువులో కలుస్తుంటే పంచాయతీలో పట్టుబట్టి మళ్ళించండి. ఈ మొక్కకు అదే మేత. వానలు మొదలయ్యాక వారానికోసారి తూము రాళ్ళ సందులు, ఒడ్డు బురద వెతకండి. అక్కడ చిన్న ఆకు కనిపిస్తే వేలితోనే లాగేయవచ్చు.