పత్రిక యజమానికి బీమా పాఠాలు – 4: పరువునష్టం పాలసీలో తేదీలు చదవడం

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క సరిచూసుకుందాం. ప్రెస్సు విలువ 80 లక్షలు, బీమా చేయించింది 60 లక్షలకు, అగ్నిప్రమాదంలో నష్టం 20 లక్షలు. 60 లక్షల పాలసీ ఉంది కదా, 20 లక్షలూ వచ్చేస్తాయి అనుకుంటే పొరపాటే. విలువలో ముప్పాతిక వంతుకే బీమా ఉంది కాబట్టి నష్టంలోనూ ముప్పాతిక వంతే, అంటే 15 లక్షలే లెక్కకొస్తుంది. అందులోంచి ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొదటి భాగం, కూడా పోతుంది. జవాబు తప్పినవాళ్లు ఈ కోత పెట్టే యావరేజ్ క్లాజు ఇంకోసారి చదివి రండి.

మంటలు, వరదలు, యంత్రాల రిపేర్లు ఏ ఫ్యాక్టరీకైనా ఉండేవే. పత్రికకు అదనంగా ఉండే ముప్పు అచ్చయిన మాటతో వస్తుంది. పరువునష్టం, గోప్యతకు భంగం, అనుమతి లేకుండా వాడిన ఫొటో: వీటిలో దేనిమీదైనా దావా పడొచ్చు. ఇతరులకు మనవల్ల కలిగే నష్టానికి తీసుకునే మామూలు లయబిలిటీ పాలసీ మీద ఆశ పెట్టుకోకండి. ప్రచురణే వ్యాపారంగా ఉన్నవాళ్లకు ఈ రక్షణ వర్తించదని చాలా పాలసీల్లో మినహాయింపు రాసే ఉంటుంది. అందుకే మీడియా లయబిలిటీ పాలసీ విడిగా తీసుకోవాలి. దాన్ని చదవడమే ఈ వారం పని.

చాలామంది నేరుగా బీమా మొత్తం దగ్గరికి వెళ్తారు. దానికంటే ముందు తేదీలు చూడండి. ఈ పాలసీల్లో చాలావాటిని ‘క్లెయిమ్స్ మేడ్’ పద్ధతిలో అమ్ముతారు. వార్త ఎప్పుడు వచ్చిందన్నది కాదు, దావా లేదా లీగల్ నోటీసు ఎప్పుడు అందిందన్నది ముఖ్యం. నోటీసు అందిన రోజున ఏ పాలసీ నడుస్తుంటే అదే బాధ్యత తీసుకుంటుంది. దీనికో మెలిక ఉంది. షెడ్యూల్లో, అంటే మీ పాలసీ వివరాల పట్టికలో, ‘రెట్రోయాక్టివ్ డేట్’ అని ఒక గడి ఉంటుంది. ఆ తేదీకి ముందు అచ్చయిన వార్తలకు పాలసీ వర్తించదు.

ఒక కేసు అనుకుందాం. 2022 నవంబరు 14న ఒక కాంట్రాక్టరు మీద మొదటి పేజీలో వార్త వేశారు. పాత పాలసీ 2023 మార్చి 31తో ముగిసింది. ప్రీమియం తక్కువని ఏప్రిల్ 1 నుంచి వేరే కంపెనీకి మారారు. జూలై 20న కాంట్రాక్టరు లాయరు దగ్గర్నుంచి నోటీసు వచ్చింది. పాత కంపెనీని అడిగితే, మా పాలసీ అయిపోయాక వచ్చిన నోటీసు అంటుంది. కొత్త కంపెనీ తన షెడ్యూల్ తీసి, రెట్రోయాక్టివ్ డేట్ 2023 ఏప్రిల్ 1 అని చూపిస్తుంది. ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా ప్రీమియం కట్టారు, అయినా లాయరు ఫీజు సొంత జేబులోంచే.

కంపెనీ మారేటప్పుడు పాత రెట్రోయాక్టివ్ తేదీనే కొనసాగించమని కొత్తవాళ్లతో రాయించుకోండి. ఒప్పుకోకపోతే, పాలసీ ముగిశాక వచ్చే నోటీసులకు అదనపు గడువు ఇమ్మని పాత కంపెనీని అడగండి. దానికి వేరే ప్రీమియం ఉంటుంది. ఈ రెండూ కుదరకపోతే ఆ చవక ప్రీమియం చవకేమీ కాదని నా అభిప్రాయం.

ఇంకో చిక్కు డెస్కులో పుడుతుంది. ‘మీ సంగతి కోర్టులో తేల్చుకుంటా’ అని ఎవరో ఫోన్ చేస్తారు. ఫోనెత్తిన సబ్ ఎడిటరుకు అది రోజూ వినే మాటే, మర్చిపోతాడు. దావాకు దారితీయగల విషయం తెలిస్తే వెంటనే చెప్పాలని పాలసీలో షరతు ఉంటుంది. చెబితే, దావా వచ్చే ఏడాది పడినా ఈ ఏడాది పాలసీకే చెందుతుంది. దాచి రెన్యువల్ చేయించుకుంటే ముందే తెలిసిన విషయమని క్లెయిమ్ కొట్టేయొచ్చు. డెస్కులో ఒక రిజిస్టరు పెట్టండి: ఫోన్ చేసినవారి పేరు, తేదీ, ఏ వార్త, ఏమన్నారు. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

సవరణ వేసే విషయంలో పత్రిక ధర్మానికీ పాలసీ షరతుకూ గొడవ వస్తుంది. తప్పు తెలిసిన మర్నాడే సవరణ వేయడం ఎడిటరు పద్ధతి, దానివల్ల నష్టం తగ్గుతుంది కూడా. పాలసీ మాత్రం తన అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవద్దంటుంది. నేనైతే ఎడిటరు పక్షమే. కాకపోతే, మామూలు సవరణలకు అనుమతి అక్కర్లేదని పాలసీ తీసుకునేటప్పుడే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే మార్పు పత్రం) అడగాలి. నోటీసు చేతికొచ్చాక అడిగితే ఆలస్యమే.

రాజీ క్లాజు దగ్గర కాస్త ఆగండి. అవతలివాళ్లు 5 లక్షలకు రాజీకొచ్చారు, కంపెనీ సరేనంది. వార్త నిజమే కదా అని ఎడిటరు రాజీకి ఒప్పుకోలేదు. కోర్టు 12 లక్షలు వేసింది. క్లాజు గట్టిదైతే కంపెనీ 5 లక్షలు, అప్పటిదాకా అయిన ఖర్చు ఇచ్చి తప్పుకుంటుంది. మెత్తనిదైతే పై మొత్తంలోనూ కొంత వాటా భరిస్తుంది. లాయరు ఖర్చులు బీమా మొత్తంలో కలిసే ఉన్నాయా, విడిగానా అన్నదీ చూడండి. కలిసుంటే 50 లక్షల పాలసీలో లాయర్లకు 20 పోయాక మిగిలేది 30.

వార్తలకే వర్తిస్తే చాలదు. 1960 మార్చి 29న న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ఒక ప్రకటన మీద అలబామాలో దావా పడింది. దాదాపు ఆరున్నర లక్షల కాపీల్లో అక్కడికి వెళ్లినవి 394. అయినా అక్కడి జ్యూరీ 5 లక్షల డాలర్లు కట్టమంది. 1964లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, కానీ అప్పటిదాకా లాయర్లను పోషించాల్సిందే కదా. కాబట్టి ప్రకటనలు, పాఠకుల లేఖలు, కంట్రిబ్యూటర్ల వార్తలు, వెబ్‌సైటు, పాత సంచికల ఆర్కైవ్ కవరేజీలో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ వెతకండి. భూభాగం, అంటే ఏ దేశాల్లో పడే దావాలకు పాలసీ వర్తిస్తుందన్నది, కూడా చూడండి. 2002లో అమెరికా ప్రచురణ సంస్థ డౌ జోన్స్ మీద గట్నిక్ అనే వ్యాపారి వేసిన కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు, వెబ్‌లో చదివినచోటే ప్రచురణ జరిగినట్టని తేల్చింది. అంటే దావా మీ ఊళ్లోనే పడుతుందన్న హామీ లేదు. తెలిసి తెలిసి రాసిన అబద్ధానికి, క్రిమినల్ జరిమానాలకు మాత్రం మామూలుగా ఏ పాలసీ డబ్బివ్వదు.

వచ్చే పాఠానికి ముందు మీ షెడ్యూల్ తీసి మూడు విషయాలు కాగితం మీద రాయండి: రెట్రోయాక్టివ్ తేదీ, నోటీసు ఎన్ని రోజుల్లో తెలియజేయాలి, లాయరును ఎంచుకునే హక్కు ఎవరిది. మూడోది చాలామందికి షెడ్యూల్లో దొరకదు, షరతుల పేజీల్లో వెతకాలి. ఐదో పాఠంలో ప్రెస్సు ఆగిన రోజుల ఆదాయ నష్టం లెక్క చూస్తాం, దానికి గత ఏడాది ప్రకటనల ఆదాయం నెలవారీగా దగ్గర పెట్టుకోండి.