ఒంటరిగా ఉపవాస ప్రార్థనకు వెళ్తున్నారా? ముందు ఈ జాగ్రత్తలు

శ్రమకాలం అన్నా, తపస్సు కాలం అన్నా, ఈస్టర్‌కు ముందు వచ్చే ఆ నలభై రోజుల్లో చాలామంది రెండు మూడు రోజులు సెలవు పెట్టి ఏకాంత ప్రార్థనకు వెళ్తారు. కొందరు ప్రార్థన కొండకు, కొందరు మఠాల్లోని ధ్యాన మందిరాలకు, ఇంకొందరు ఊళ్లో ఖాళీగా ఉన్న పాత ఇంటికి. ఈస్టర్ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య వస్తుంది కాబట్టి మన దగ్గర ఇవి ఎండలు ముదిరే రోజులు. పక్కన మనిషి లేడు, కడుపులో తిండి లేదు, బయట ఎండ. ఈ మూడూ కలిసిన చోటే ప్రమాదం. ఒళ్లు చూసుకోవడం అవిశ్వాసం కాదు. బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద చావు కోరుకున్నప్పుడు దూత ముందు బోధ చేయలేదు, తినమన్నాడు. అతను తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు.

చోటు ముందే చూసుకోండి. విజయవాడ గుణదల కొండకు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో వెళ్తే మరియమాత పండగ దొరుకుతుంది గానీ ఏకాంతం దొరకదు. గదికి లోపలి గడియ గట్టిగా ఉండాలి, పిలిస్తే పలికే దూరంలో కాపలా మనిషి ఉండాలి. ఆడవాళ్లు ఈ రెండూ లేని చోట రాత్రి ఉండొద్దు.

కాఫీ, టీ రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై రెండో రోజుకు ముదురుతుంది. దాన్ని ఆత్మీయ పోరాటమనుకుని చాలామంది అనవసరంగా బెంబేలెత్తుతారు. వారం ముందు నుంచే కొద్దికొద్దిగా తగ్గించుకు రండి.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి మామూలు మోతాదులో వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. స్పృహ తప్పేలోపు చక్కెర అందించేవాళ్లు అక్కడ ఉండరు. అలాగని సొంతంగా మందులు ఆపినా ప్రమాదమే. వీళ్లూ, గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ, కిడ్నీ జబ్బున్నవాళ్లూ ఉపవాసం వదిలేసి ఏకాంతాన్ని మాత్రం ఉంచుకోవాలి. షుగర్ మీటరు వెంట ఉండాల్సిందే. 70 కంటే తక్కువ చూపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి.

ఎస్తేరు ఉపవాసమని నీళ్లు కూడా ముట్టకుండా మూడు రోజులుండటం ఎండల్లో ఎవరికీ తగదు. నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు తప్ప, మిగతావాళ్లు రోజుకు మూడు లీటర్లకు తగ్గొద్దు. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు చేస్తుంది. లేచి నిలబడితే కళ్లు తిరిగినా, మూత్రం ముదురు పసుపుగా వచ్చినా ఉపవాసం అక్కడితో ఆపేయండి.

ఫోను స్విచాఫ్ చేయండి గానీ ఇంట్లో వదిలి వెళ్లొద్దు. సాయంత్రం ఏడింటికి ఒకే ఒక్కరికి ఫోన్ చేయాలి. ఎనిమిదైనా కాల్ రాకపోతే వాళ్లు బయల్దేరి రావాలని ముందే మాట అనుకోవాలి. బైబిలు పుస్తకమే తీసుకెళ్లండి. ఫోన్లో వాక్యం చదవబోతే వాట్సాప్ తెరుచుకుంటుంది.

మొదటి రోజు నిద్ర ముంచుకొస్తే నిద్రపోండి. అన్నాళ్లూ దాచుకున్న అలసట అది. గట్టి పరీక్ష రెండో రోజు మధ్యాహ్నం. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారి సన్యాసి ఎవాగ్రియస్ దీన్ని బాగా ఎరిగినవాడు. పొద్దు కదలనట్టే ఉంటుంది, చూపు మాటిమాటికీ కిటికీ వైపు పోతుంది, ఉన్న చోటు మీద విసుగు పుడుతుంది, ఎవరినో పలకరించి రావాలనిపిస్తుంది అన్నాడు. 91వ కీర్తనలోని ‘మధ్యాహ్నమందు పాడుచేయు రోగము’ ఇదేనని ఆ సన్యాసుల నమ్మకం. మీకది ‘ఇంటి దగ్గర ఏమైందో’ అనే బెంగగా రావచ్చు, సామాను సర్దుకుని రేపటి బదులు ఇవాళే వెళ్లిపోదామన్న ఆలోచనగా రావచ్చు. అప్పుడు మోకాళ్ల మీదే బిగుసుకుని కూర్చోవద్దు. గది ఊడవండి, కీర్తన పైకి చదువుతూ నీడలో నడవండి. తర్వాత, అనుకున్న సమయం కంటే ఒక్క నిమిషం ఎక్కువే ప్రార్థనలో ఉండండి. కొత్తవాళ్లకు రోజుకు ముప్పావుగంట చొప్పున మూడుసార్లు చాలు. ఒక్కోసారికి ఎనిమిది పది వచనాలు తీసుకుని, ముగిశాక పావుగంట నోటుబుక్కులో రాసుకోండి.

మనసు ఎండిపోయినట్టున్నప్పుడు పాత తీర్మానాలు మార్చుకోవద్దన్నది యేసు సభ (జెస్యూట్లు) స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా చెప్పిన నియమం. 1522లో మన్రేసాలో విపరీతమైన ఉపవాసాలతో ఆరోగ్యం పాడుచేసుకున్నవాడాయన. తర్వాత ఇతరులకు మితమే నేర్పాడు. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడ్డ వచనాన్ని పెళ్లికో ఉద్యోగానికో జవాబుగా తీసుకోవద్దు. ఆవేశంలో మొక్కుకోవద్దు. మొక్కి చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి గ్రంథంలోనే ఉంది. తట్టినదంతా రాసి పెట్టుకుని, ఇంటికొచ్చిన రెండు వారాలకు పాస్టరుగారితోనో ఫాదరుగారితోనో కూర్చుని చూడండి.

నిద్ర లేకుండా రాత్రులు గడిపితే ఎవరికైనా లేని మాటలు వినిపించవచ్చు. మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు, ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఒంటరిగా వెళ్లొద్దు, మందులు ఆపొద్దు. చచ్చిపోవాలన్న తలంపు వస్తే ప్రార్థన ముగిసేదాకా ఆగకుండా ఆ క్షణమే ఫోన్ చేసి మనిషిని పిలిపించుకోండి.

ఉపవాసం విడిచేటప్పుడు ముందు పల్చటి జావ, రెండు గంటలాగి మెత్తటి పెరుగన్నం. బిర్యానీ మర్నాటికి. ఐదు రోజులకు మించి ఏమీ తినకపోతే ఒక్కసారిగా కడుపునిండా తినడం ప్రాణం మీదికి తేవచ్చు, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేటు పడిపోతాయి. అలాంటివాళ్లు డాక్టరును కలిసే తినడం మొదలుపెట్టాలి. బండి మీద వెళ్లినవాళ్లు ఖాళీ కడుపుతో తిరుగు ప్రయాణం కట్టొద్దు. జావ తాగి, ఓ గంట కూర్చుని, కళ్లు తిరగడం లేదని చూసుకున్నాకే బండి తీయండి.