అభ్యుదయ అభ్యర్థి మాటను తీర్మానాల పుస్తకంతో సరిచూసుకోవడం ఎలా

వార్డు కౌన్సిలర్ పదవికి పోటీ చేసే వ్యక్తి మన గడప ముందు నిలబడి ‘మాది అభ్యుదయ పక్షం, పేదల పక్షం’ అని చెప్పినప్పుడు, ఆ మాటను నమ్మే ముందు గాని కాదనే ముందు గాని, ఆ మనిషి ఇంతవరకు ఏం చేశారో, గెలిస్తే ఏ పనిని ముందు పెట్టుకుంటారో సరిచూసుకునే దారి ప్రతి ఓటరుకూ ఉంది. అందుకు పెద్ద చదువు అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, మునిసిపల్ కార్యాలయానికి నాలుగైదుసార్లు వెళ్లి రాగల తీరిక, రెండు నెలల ఓపిక ఉంటే చాలు. నోటిఫికేషన్ వచ్చాక వ్యవధి చాలదు కాబట్టి, పేర్లు వినిపించడం మొదలైన నాటి నుంచే పని ప్రారంభించాలి. భీమవరం, తణుకు, నరసాపురం, అమలాపురం, మండపేట వంటి గోదావరి డెల్టా పట్టణాలకు సరిపోయేలా, నేను మా వార్డులో అనుసరించిన పద్ధతిని వివరిస్తున్నాను.

మొదట కౌన్సిల్ చేతిలో ఏముందో తెలుసుకోవాలి. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పేర్కొంది. నీటి సరఫరా, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి, వీధిదీపాలు, శ్మశానాలు అందులో ఉన్నాయి. సామాజిక పింఛన్లు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో, కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం రైల్వేల చేతిలో, డెల్టా కాలువలు జలవనరుల శాఖ చేతిలో ఉంటాయి. వార్డు అభ్యర్థి కరపత్రంలో ఇటువంటి హామీలు కనిపిస్తే వాటికి అడ్డంగా గీత గీసి, మిగిలిన వాటినే లెక్కలోకి తీసుకోండి.

అభ్యర్థి గతంలో కౌన్సిలర్‌గా పనిచేసి ఉంటే, ఆయన పనితీరు అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది కౌన్సిల్ తీర్మానాల పుస్తకంలోనే. ఆంధ్రప్రదేశ్‌లో చాలా పట్టణాలకు 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది కనుక, ఆ కౌన్సిళ్ల తీర్మానాలను అడగవచ్చు. అప్పుడు ఎన్నికలు జరగని రాజమహేంద్రవరం వంటి చోట్ల అంతకు ముందరి కౌన్సిల్ పుస్తకాలను అడగాలి. సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం 30 రోజుల్లోగా జవాబు రావాలి. నకళ్లు మాత్రమే కాదు, రికార్డులను స్వయంగా పరిశీలించే హక్కును కూడా ఆ చట్టం ఇస్తుంది కాబట్టి, దరఖాస్తులో ‘పరిశీలనకు అనుమతించగలరు’ అనే వాక్యం తప్పక చేర్చండి. వందల పేజీల జిరాక్సు ఖర్చు తప్పుతుంది, పైగా మీరు అడగని పేజీలు కూడా కంటపడతాయి.

నేను ఆ పుస్తకం మొదటిసారి తెరిచిన రోజు నాకు బాగా గుర్తుంది. అంచులు నలిగిన లావుపాటి రిజిస్టరులో పేజీ తర్వాత పేజీ ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అనే మాటే కనిపించింది. వీధి చివరి సభలో తాను గట్టిగా ఎదిరించానని మా ప్రతినిధి చెప్పుకున్న పని కింద కూడా అదే మాట, ఆ పక్కనే హాజరు పట్టీలో ఆయన సంతకం ఉన్నాయి. అసమ్మతి నమోదు చేయమని ఆయన అడిగిన దాఖలా ఎక్కడా లేదు. ఆ రోజు నాకు కలిగిన బాధ చిన్నది కాదు. అందుకే నోటుపుస్తకంలో ఈ మూడింటినీ వేర్వేరుగా రాసుకోమంటాను: ఎన్ని సమావేశాలకు హాజరయ్యారు, ఏ అంశం మీద పేరుతో మాట్లాడారు, ఏ తీర్మానానికి అసమ్మతి రాయించారు. సమావేశం మొదలయ్యాక సభ్యుల ముందుంచే టేబుల్ అజెండా అంశాలను ప్రత్యేకంగా చూడండి, ఎందుకంటే చదివే వ్యవధి ఇవ్వకుండా ఆమోదం పొందే పనులు చాలావరకు ఆ దారినే వస్తాయి, అక్కడ ‘దీన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేయండి’ అన్న సభ్యుడు నిజంగా పని చేసినట్టే లెక్క.

తరువాత బడ్జెట్ చూడాలి. అందులో గడచిన సంవత్సరం వాస్తవ ఖర్చు, నడుస్తున్న సంవత్సరం సవరించిన అంచనా, రాబోయే సంవత్సరం అంచనా పక్కపక్కనే ఉంటాయి. అంచనాలో మురుగు కాలువలకు పెద్ద మొత్తం చూపి, వాస్తవ ఖర్చులో అది కుంచించుకుపోతే, ఆ తేడా గురించి మీ అభ్యర్థి ఎప్పుడైనా అడిగారా అన్నది ముఖ్యం. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 మధ్య పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని నిర్దిష్ట పనులకే ముడిపెట్టింది. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి సంరక్షణకు, నీటి పునర్వినియోగానికి ఉద్దేశించినది. డెల్టా పట్టణాలన్నీ ఈ కోవలోనివే కాబట్టి, ‘నిధులు లేవు’ అనే జవాబు విన్నప్పుడు ఆ 60 శాతం ఏ పనికి ఖర్చయిందని అడగడానికి మీకు ఆధారం ఉంటుంది.

ఇక ప్రాధాన్యాల విషయానికి వస్తే, మన ప్రాంతంలో అభ్యుదయం అన్న మాటకు తొలి పరీక్ష మంచినీళ్లు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది మొదలు ఈ నేలంతా కాలువల మీద బతుకుతోంది, మన పట్టణాలు చాలా వరకు ఆ కాలువ నీటినే శుద్ధి చేసి తాగుతున్నాయి. దాళ్వా పంట చేతికొచ్చాక వేసవిలో కాలువలు కట్టేస్తారు, మళ్లీ నీళ్లు వదిలే దాకా సమ్మర్ స్టోరేజి చెరువుల్లో నింపుకున్నదే ఆధారం. మే నెలాఖరున చెరువు అడుగంటినప్పుడు మా పేట కుళాయిలో నీరు పచ్చని ఛాయతో, నాచు వాసనతో వస్తుంది. డబ్బున్న ఇళ్లవారు డబ్బా నీళ్లు కొనుక్కుంటారు, కాలువగట్టు మీద పాకల్లో ఉన్నవారు ఆ నీటినే బిందెలో పట్టి, గుడ్డతో వడకట్టి, కాచుకుని తాగుతారు. కనుక అభ్యర్థిని ఇలా అడగండి: మన చెరువు సామర్థ్యం ఎన్ని రోజులకు సరిపోతుంది, పూడిక ఎప్పుడు తీశారు, పైపు చివరి వీధికి నీరు ఎంతసేపు వస్తుంది? లెక్క తెలిసి చెప్పినవారికి, తెలియదని ఒప్పుకుని వారంలో కనుక్కుని వచ్చినవారికి సమానంగా మార్కులు వేస్తాను. ‘ఇరవై నాలుగు గంటలూ నీళ్లిస్తాం’ అని ఊరుకున్నవారికి వేయను.

మురుగు రెండో పరీక్ష. డెల్టా నేల చదునైనది, వాలు చాలా తక్కువ, గుర్రపుడెక్క పేరుకుంటే డ్రెయిన్లలో నీరు కదలదు. పట్టణపు మురుగును శుద్ధి చేయకుండా పెద్ద డ్రెయిన్‌లోకి వదిలితే ఏమవుతుందో భీమవరంలో యనమదుర్రు గట్టున నిలబడి చూస్తే తెలుస్తుంది. మన వీధి కాలువ ఎక్కడ కలుస్తుందో అభ్యర్థి మీతో నడిచి చూపించగలగాలి. ఆ కాలువలోకి దిగే మనిషి గురించి కూడా అడగాలి. ప్రమాదకరమైన రీతిలో మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి దింపడాన్ని, మలాన్ని చేతులతో ఎత్తించే పనిని రద్దు చేసిన 2013 నాటి చట్టం నిషేధించింది. పారిశుద్ధ్య కార్మికుల చేతి తొడుగులు, బూట్లు, నెల జీతం, పీఎఫ్ జమ గురించి కౌన్సిల్‌లో ఎన్నడూ నోరు విప్పని సభ్యుణ్ణి, ఆయన ఏ రంగు కండువా కప్పుకున్నా, నేను అభ్యుదయవాది అనలేను.

తోపుడు బండ్ల వారి విషయం ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. మన పట్టణంలో ఆ కమిటీ ఎప్పుడు సమావేశమైందో చెప్పమనండి. ఆస్తిపన్ను తగ్గిస్తామనే హామీని మాత్రం జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే 2020 చట్ట సవరణతో అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ ఆధారమైంది, ఆ చట్రాన్ని మార్చే అధికారం శాసనసభకే ఉంది.

కొత్తగా పోటీ చేసేవారికి తీర్మానాల పుస్తకంలో చరిత్ర ఉండదు. వారు సోమవారం అర్జీల కార్యక్రమంలో ఇచ్చిన వినతుల రసీదులు, సమాచార హక్కు కింద వేసిన దరఖాస్తులు, వాటి మీద జరిగిన పని చూపించమనండి. నామినేషన్‌తో ఇచ్చే ఆస్తుల, కేసుల ప్రకటన ఎవరిదైనా ఒకసారి చదవాలి. మహిళలకు సగం స్థానాలు కేటాయించిన రాష్ట్రం మనది కనుక, అభ్యర్థి మహిళ అయితే ఈ ప్రశ్నలన్నీ ఆవిడనే అడగండి. పక్కనున్న భర్త గాని అన్నగారు గాని జవాబు అందుకోబోతే, ‘అమ్మా, మీరు చెప్పండి’ అని మర్యాదగానే మళ్లీ ఆవిడ వైపు తిరగండి. మా వార్డులో ఒకావిడ అలా అడిగిన తర్వాతే నోరు తెరిచి, ఏ సందులో ఏ కుళాయికి ఒత్తిడి రాదో వరసగా చెప్పుకొచ్చారు.

జవాబులను తేదీతో సహా రాసుకుని, వీలైతే అభ్యర్థి చేతే కింద సంతకం చేయించుకోండి. గెలిచిన తర్వాత మొదటి బడ్జెట్ సమావేశం ముగిసిన నెలలోనే మళ్లీ ఒక దరఖాస్తు పెట్టి, అదే తీర్మానాల పుస్తకాన్ని తెప్పించుకుని, ఆ పేజీలను మీ నోటుపుస్తకం పక్కన పెట్టి చూడండి.