పాత రూపాయి బిళ్ల అసలుదా నకిలీదా ఎట్ల చూడాలె

దేవరకొండ అంగడిల ఒకాయన దగ్గర విక్టోరియా రాణి బిళ్ల అని పదిహేను వందలు పెట్టి కొన్న, ఇంటికొచ్చి కాంట మీద పెడితే 9 గ్రాములే ఉంది, అందుకే చెప్తున్న, ముందు తూకం చూడుండ్రి. 1862 నుంచి వచ్చిన బ్రిటిష్ వెండి రూపాయి 11.66 గ్రాములు, మన నిజాం చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు ఉండాలె. అరిగితే కొంచెం తగ్గుద్ది గానీ రెండు గ్రాములు తగ్గదు.

అయస్కాంతం పెట్టి చూసి అంటుకోలేదని సంబరపడకుండ్రి, వెండి లెక్కనే ఇత్తడి, జర్మన్ సిల్వర్ (పేరుకే సిల్వర్, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం) కూడా అంటుకోవు.

అసలు పని అంచు దగ్గరుంది. భూతద్దం పెట్టి బిళ్లను మెల్లగ తిప్పుకుంట చూస్తే అసలుదానికి గీతలు సన్నగ, ఒక్క తీరుగ ఉంటయి, అచ్చుల పోసిన నకిలీకైతే అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనపడ్తది, మీద సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలుంటయి, అక్షరాలు సబ్బు మీద రాసినట్టు మొద్దుగ ఉంటయి. చార్మినార్ బిళ్లయితే మధ్య ద్వారంల ఉన్న ఉర్దూ అక్షరం చూడుండ్రి, అది ముద్దగ ఉంటే నాకైతే అనుమానమే.

1939 రూపాయి బాగ దొరకదు, అందుకే వేరే సంవత్సరం బిళ్ల మీది అంకె చెక్కి 1939 అని మార్చి అమ్ముతరు, చివరి అంకె చుట్టూ గీకిన జాడ ఉందేమో చూడాలె.

ఇగ రాముడు, హనుమంతుడు ఉన్న 1818 ఈస్టిండియా కంపెనీ బిళ్ల అంటే అస్సలు కొనకుండ్రి, కంపెనీ అసుంటివి ఎన్నడూ కొట్టలే.