అలారం ప్యానెల్‌కు దూరం నుంచి దారి: వైరింగ్ నుంచి వీపీఎన్ వరకు

దొంగల అలారాన్ని ఫోన్‌లోంచే ఆర్మ్ చేసుకోవాలని, అంటే కాపలాకు పెట్టుకోవాలని, ఇప్పుడు ప్రతి యజమానీ అడుగుతున్నాడు. ఇన్‌స్టాలర్‌కూ అది అవసరమే. ఒక జోన్ (విడిగా కాపలా కాసే ఒక తలుపు, కిటికీ లేదా గది) పేరు మార్చడానికి నిచ్చెన మోసుకుని వెళ్లే పని తప్పుతుంది. అయితే ఆ దారి ఎటు నుంచి తెరుచుకుంటుందన్నదే అసలు సంగతి. ప్యానెల్, అంటే అలారాన్ని నడిపే ప్రధాన బోర్డు, తానే బయటికి వెళ్లి మాట్లాడాలి. బయటివాళ్లెవరూ నేరుగా వచ్చి దాని తలుపు తట్టగలిగేలా ఉండకూడదు. రిమోట్ గురించి కింద రాసినదంతా ఈ ఒక్క నియమం చుట్టూనే తిరుగుతుంది. దానికంటే ముందు వైరింగ్ చూడాలి, ఎందుకంటే వదులు కనెక్షన్‌ను ఏ సాఫ్ట్‌వేరూ బిగించలేదు.

బాక్సు, బ్యాటరీ, వైరు

కీప్యాడ్ తలుపు దగ్గర ఉండాలి, ప్యానెల్ బాక్సు లోపల ఎక్కడో కనిపించని చోట ఉండాలి. రెండూ ఒకే డబ్బాలో ఉండే రకాన్ని ప్రధాన ద్వారం పక్కనే బిగిస్తే, లోపలికి వచ్చినవాడికి ఎంట్రీ టైం (కోడ్ నొక్కడానికి ఇచ్చే గడువు) మొత్తం చేతిలో ఉంటుంది. 30 సెకన్లు పూర్తయ్యేలోపు దాన్ని పగలగొడితే సిగ్నల్ బయటికే పోదు. బాక్సు ఉన్న గదికి ఒక పీఐఆర్ (మనిషి కదలికను పట్టే సెన్సర్) కాపలా ఉండాలి, ఆ జోన్‌కు ఆలస్యం ఇవ్వకూడదు.

బ్యాటరీని అంచనాతో కాదు, లెక్కతో ఎంచుకోండి. ప్యానెల్, కీప్యాడ్లు, పీఐఆర్‌లు, ఐపీ మాడ్యూల్ (ప్యానెల్‌ను ఇంటర్నెట్‌కు కలిపేది) మామూలు స్థితిలో లాగే కరెంటు అంతా కూడండి. ఉదాహరణకు 350 మిల్లీ ఆంపియర్లు వచ్చిందనుకుందాం. 12 గంటలు నిలబడాలంటే 4.2 ఏహెచ్ (ఆంపియర్ గంటలు) కావాలి. హూటర్‌తో కలిపి 1.2 ఆంపియర్లు చొప్పున 15 నిమిషాలు మోగితే మరో 0.3. మొత్తం 4.5. బ్యాటరీ పాతబడే కొద్దీ సత్తువ తగ్గుతుంది కాబట్టి పావు వంతు కలిపితే 5.6 అవుతుంది. అంటే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ సరిపోతుంది. తర్వాత రెండు కీప్యాడ్లు, ఒక 4జీ మాడ్యూల్ చేరితే ఈ లెక్క మళ్లీ వేయాలి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే. బ్యాటరీ మీద పెట్టిన తేదీని మార్కర్‌తో రాయండి.

వైరు పొడవు ఎలా దెబ్బతీస్తుందో చూడండి. 22 గేజి రాగి వైరుకు మీటరుకు దాదాపు 0.053 ఓమ్ నిరోధం ఉంటుంది. హూటర్ 50 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు పోయి రావడానికి 100 మీటర్ల దారి, అంటే 5.3 ఓమ్‌లు. ఒక ఆంపియర్ లాగే హూటర్‌కు దారిలోనే 5.3 వోల్టులు పోతాయి, 12 వోల్టుల్లో మిగిలేది ఏడుకు లోపే. అది మోగదు, మూలుగుతుంది. 18 గేజి వాడితే నష్టం దాదాపు 2 వోల్టులకు దిగుతుంది. 15 మిల్లీ ఆంపియర్లు లాగే పీఐఆర్‌కు మాత్రం సన్న వైరే చాలు. ఏ వైరైనా మెయిన్స్ వైర్లతో ఒకే పైపులో వేయకండి.

పీఐఆర్‌ను మూలలో, నేల నుంచి 2.1 నుంచి 2.4 మీటర్ల ఎత్తులో పెట్టండి. కిటికీ వైపు, ఏసీ గాలి వైపు తిప్పకండి. మనిషి దాని ఎదురుగా నడిచి వచ్చేటప్పుడు కంటే అడ్డంగా దాటేటప్పుడే అది త్వరగా పడుతుంది. అది చూసి దిక్కు నిర్ణయించండి.

రెసిస్టరు ఎక్కడ ఉండాలి

సగం సైట్లలో ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టరు (జోన్ వైరు సవ్యంగా ఉందని ప్యానెల్‌కు తెలిపేది) ప్యానెల్ బాక్సులోనే ఉంటుంది. టెర్మినల్ దగ్గర తిప్పడం తేలిక కాబట్టి అలా చేస్తారు. కానీ ఆ పని చేస్తే రెసిస్టరు ఉన్నా లేనట్టే. డిటెక్టర్ దగ్గర ఎవరైనా రెండు వైర్లనూ కలిపి ముడివేస్తే ప్యానెల్‌కు ఇంకా అదే విలువ కనిపిస్తుంది, తలుపు బార్లా తెరిచినా జోన్ మూసే ఉందనుకుంటుంది. రెసిస్టరు లైను చివర, అంటే డిటెక్టర్ లోపలే ఉండాలి.

ట్యాంపర్‌నూ (డిటెక్టర్ మూత తీయడం, వైరు తెంచడం) అలారాన్నీ ఒకే జత వైర్ల మీద వేరుగా గుర్తించాలంటే రెండు రెసిస్టర్లు వాడాలి. ప్యానెల్‌ను బట్టి విలువ మారుతుంది. 5.6 కిలో ఓమ్‌లు అడిగే ప్యానెల్‌ను తీసుకుందాం. ట్యాంపర్ కాంటాక్టు, ఒక 5.6 రెసిస్టరు, అలారం కాంటాక్టు వరుసగా కలపాలి. రెండో 5.6 రెసిస్టరును అలారం కాంటాక్టుకు అడ్డంగా వేయాలి. ఇప్పుడు ప్యానెల్ నుంచి జోన్ వైర్లు విప్పి మల్టీమీటర్ పెట్టండి. అంతా సవ్యంగా ఉంటే 5.6 చూపాలి. డిటెక్టర్ ముందు కదిలితే 11.2. మూత తీస్తే, వైరు తెగితే మీటరు ఏమీ చూపదు. వైర్లు ఒకదానికొకటి తగిలితే సున్నా. 5.6కు బదులు 6.4, 7 అని ఊగుతుంటే ఎక్కడో ముడి వదులుగా ఉంది, లేదా జంక్షన్ బాక్సులో తేమ చేరి తుప్పు పట్టింది. అర్ధరాత్రి తప్పుడు అలారాలు మొదలయ్యేది అలాంటి చోటే. ఈ నాలుగు రీడింగులూ జోన్‌వారీగా కాగితం మీద రాసి బాక్సు మూత లోపల అతికించండి.

ప్రోగ్రామింగ్‌లో జాగ్రత్తలు

జోన్ రకం తప్పితే మిగతాదంతా తప్పుతుంది. ప్రధాన ద్వారానికి ఎంట్రీ/ఎగ్జిట్ (గడువు ఉన్నది) ఇవ్వండి, అక్కడి నుంచి కీప్యాడ్ దాకా ఉన్న పీఐఆర్‌కు ఫాలోవర్ (ద్వారం ముందు తెరుచుకుంటే గడువు దాకా ఆగేది, లేకపోతే వెంటనే మోగేది), మిగతా కిటికీలకూ తలుపులకూ ఇన్‌స్టంట్ (వెంటనే మోగేది), ట్యాంపర్‌కూ పానిక్ బటన్‌కూ 24 గంటల జోన్ (ఆర్మ్ చేయకపోయినా పనిచేసేది). ఎంట్రీ టైం 30 సెకన్లు చాలు. యూరప్ ప్రమాణం ఈఎన్ 50131 దానికి 45 సెకన్ల హద్దు పెట్టింది.

బెదిరింపు కోడ్ (బలవంతంగా అలారం ఆపించినప్పుడు నొక్కితే రహస్యంగా సాయం పిలిచేది) ఇచ్చే ప్యానెల్ అయితే దాన్ని యజమాని రోజూ నొక్కే కోడ్‌కు ఒక్క అంకె తేడాతో పెట్టకండి. వేలు జారితే పోలీసులు వచ్చి నిలబడతారు.

నాలుగంకెల కోడ్‌కు ఉన్న అవకాశాలు 10,000 మాత్రమే. తప్పు కోడ్‌కు లాకౌట్ (కీప్యాడ్ కొంతసేపు పనిచేయకుండా ఆగడం) లేకపోతే రెండు సెకన్లకొకటి చొప్పున అయిదున్నర గంటల్లో అన్నీ అయిపోతాయి. కాబట్టి ఆరంకెల కోడ్ వాడండి, కీప్యాడ్ లాకౌట్‌ను ఆన్ చేయండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇన్‌స్టాలర్ కోడ్, మాస్టర్ కోడ్, పీసీ పాస్‌వర్డ్, ప్యానెల్ ఐడీ నాలుగూ మార్చాలి. మొదటి రెండింటినీ అందరూ మారుస్తారు. చివరి రెండింటినీ వదిలేస్తారు, రిమోట్‌లో వచ్చేవాడిని ఆపేది మాత్రం అవే. అన్ని సైట్లకూ ఒకే ఇన్‌స్టాలర్ కోడ్ పెట్టే అలవాటు మానండి. ఉద్యోగం మానేసిన ఒక్క మనిషి చేతిలో ఆ తాళాలన్నీ ఉండిపోతాయి.

ఇన్‌స్టాలర్ లాకౌట్ అనే ఆప్షన్ వేరు, దాన్ని తెలిసి వాడండి. అది ఆన్ అయితే జంపర్ (బోర్డు మీది పిన్నులను కలిపే ముక్క) పెట్టి ఫ్యాక్టరీ సెట్టింగులకు తిరిగి వెళ్లలేరు. కోడ్ పోతే బోర్డు పనికిరానట్టే.

సాఫ్ట్‌వేర్‌తో పనిచేసేటప్పుడు ఒక మాటను గట్టిగా గుర్తుపెట్టుకోండి. అలారం రంగంలో అప్‌లోడ్ అంటే ప్యానెల్ నుంచి కంప్యూటర్‌కు, డౌన్‌లోడ్ అంటే కంప్యూటర్ నుంచి ప్యానెల్‌కు. ఇంటర్నెట్ అలవాటుతో చూస్తే ఇది తలకిందులుగా అనిపిస్తుంది. కొత్త ఖాళీ ఫైలు తెరిచి డౌన్‌లోడ్ నొక్కినవాడి చేతిలో 24 జోన్ల ప్రోగ్రాం ఒక్క నిమిషంలో తుడిచిపెట్టుకుపోతుంది. ముందు ప్యానెల్‌లో ఉన్నదంతా చదవండి, తేదీతో సేవ్ చేయండి, మార్పు చేయండి, మారిన భాగాన్ని మాత్రమే పంపండి.

దారి లోపలి నుంచే తెరుచుకోవాలి

రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను లోపలి పరికరానికి మళ్లించడం) పెట్టి ప్యానెల్‌ను ఇంటర్నెట్‌కు చూపించడం అన్నింటికంటే తేలిక, అన్నింటికంటే ప్రమాదం కూడా. ఇంటర్నెట్‌లోని పబ్లిక్ అడ్రసులను పగలూ రాత్రీ తడిమే స్కానర్లు ఉన్నాయి. షోడాన్ లాంటి సెర్చ్ ఇంజిన్‌లో తెరిచి ఉన్న పోర్టులు ఎవరికైనా కనిపిస్తాయి. పోర్టు నంబరు మార్చినంత మాత్రాన దాక్కోలేం. పాత ఐపీ మాడ్యూళ్లలో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ బలహీనం, కొన్నింటికి అసలు లేదు. అక్కడ పాస్‌వర్డ్ తీగ మీద చదవగలిగేలా వెళుతుంది.

మంచి పద్ధతి ఇదీ. మాడ్యూల్‌కు రౌటర్‌లోనే ఒక అడ్రసును స్థిరంగా కేటాయించండి. దాన్ని ఇంట్లోని ఫోన్లు, టీవీలు, కెమెరాలతో కలపకుండా వేరే వీల్యాన్‌లో (అదే రౌటర్ మీద విడిగా ఉండే నెట్‌వర్కులో) పెట్టండి. బయటికి వెళ్లడానికి మూడింటికే అనుమతి ఇవ్వండి: మానిటరింగ్ కేంద్రం (అలారం సిగ్నళ్లను అందుకునే చోటు) లేదా తయారీదారు సర్వరు, పేరును అడ్రసుగా మార్చే డీఎన్ఎస్, సమయం సరిచేసే ఎన్‌టీపీ. లోపలికి వచ్చేదేదీ వద్దు. యూపీఎన్‌పీ ఆఫ్ చేయండి, లేకపోతే ఏదైనా పరికరం మీకు చెప్పకుండా తానే పోర్టు తెరుచుకుంటుంది. క్లౌడ్ యాప్ వాడితే ఖాతా యజమాని ఈమెయిల్ మీదే ఉండాలి, రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేయాలి, ఇంట్లో ఒక్కొక్కరికీ విడి లాగిన్ ఇవ్వాలి. ఇన్‌స్టాలర్‌కు యజమాని ఆమోదంతో కొన్ని గంటలకే తెరుచుకునే అనుమతి చాలు. శాశ్వత అనుమతి ఇవ్వనక్కర్లేదు.

పాత మాడ్యూల్‌నే వాడక తప్పకపోతే దాని ముందు వీపీఎన్ (ఎన్‌క్రిప్ట్ అయిన ప్రైవేటు దారి) నిలబెట్టండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మామూలుగా యూడీపీ 51820 పోర్టు మీద వింటుంది. సరైన కీ లేని ప్యాకెట్‌కు జవాబే ఇవ్వదు కాబట్టి స్కానర్‌కు అక్కడ ఏముందో తెలియదు. కనెక్ట్ కావడం లేదంటే ముందు రౌటర్ వాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రసు చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే సర్వీసు సంస్థ చాలామందిని ఒకే పబ్లిక్ అడ్రసు వెనక పెట్టిందన్నమాట. అప్పుడు బయటి నుంచి లోపలికి రావడం కుదరదు. పబ్లిక్ అడ్రసున్న ఒక చిన్న సర్వరుకు రౌటరే బయటికి కనెక్ట్ అయ్యేలా పెట్టాలి.

రౌటర్‌కు కూడా బ్యాకప్ కావాలి. ప్యానెల్ 12 గంటలు నిలబడినా, కరెంటు పోయిన క్షణమే రౌటర్ ఆరిపోతే ఐపీ దారి మూసుకుపోతుంది. రెండో దారిగా సిమ్ మాడ్యూల్ పెట్టేటప్పుడు 4జీ రకమే తీసుకోండి, చాలా దేశాల్లో 2జీ, 3జీ నెట్‌వర్కులు మూతపడ్డాయి, పడుతున్నాయి. యాంటెన్నాను ఇనుప బాక్సు బయట పెట్టండి. 2జీకి దిగి పంపాల్సి వస్తే ఆ క్షణంలో మాడ్యూల్ 2 ఆంపియర్ల దాకా లాగగలదు. బలహీనమైన సప్లై మీద ఉంటే సరిగ్గా సిగ్నల్ పంపబోయేటప్పుడే రీసెట్ అవుతుంది. ఎస్ఎంఎస్‌తో ఆర్మ్, డిసార్మ్ చేసే రకమైతే పంపినవారి నంబరును మాత్రమే నమ్మకండి, నంబరును నకిలీ చేయవచ్చు. కోడ్ తప్పనిసరి చేయండి, డిసార్మ్ ఆదేశాన్ని వీలైతే తీసేయండి.

ఎవరు ఎప్పుడు వచ్చి వెళ్లారో తెలియాలి. ప్యానెల్ మానిటరింగ్ కేంద్రానికి సంఘటనలను తెలిపే కోడ్ పద్ధతి అయిన కాంటాక్ట్ ఐడీలో దీనికి కోడ్‌లున్నాయి: 412 అంటే రిమోట్ యాక్సెస్ విజయవంతం, 413 అంటే విఫలం, 627 అంటే ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లారు, 628 అంటే బయటికొచ్చారు. మీ ప్యానెల్ వీటిని పంపగలిగితే తప్పకుండా ఆన్ చేయండి. చాలా సైట్లలో 130, అంటే చొరబాటు అలారం, ఒక్కటే వెళుతుంది. రాత్రి రెండింటికి 627 వస్తే అది కూడా అలారమే.

అప్పగించే ముందు

మానిటరింగ్ కేంద్రానికి చెప్పి ఖాతాను టెస్టులో పెట్టించండి. ప్రతి డిటెక్టర్ ముందూ నడవండి. తర్వాత మెయిన్స్ తీయండి, 301 (మెయిన్స్ పోయిందనే కోడ్) వెళ్లాలి. చాలా ప్యానెళ్లు దీన్ని కావాలనే కొంతసేపు ఆపి పంపుతాయి, వెంటనే రాలేదని కంగారుపడకండి. బ్యాటరీ మీదే ఉంచి హూటర్ మోగిస్తూ మీటరు చూడండి. చార్జింగ్‌లో 13.6 నుంచి 13.8 చూపినది ఒక్కసారిగా 11.5 కిందికి జారితే ఆ బ్యాటరీని మార్చండి. రౌటర్ కేబుల్ పీకండి. సిగ్నల్ సిమ్ దారిన వెళ్లిందా, ఐపీ దారి పోయినట్టు కేంద్రానికి తెలిసిందా అని ఫోన్‌లో అడిగి నిర్ధారించుకోండి.

చివరి పరీక్ష బయటి నుంచి చేయాలి. ఫోన్ వైఫై ఆపి, మొబైల్ డేటా మీద యజమాని అనుమతితో ఆ పబ్లిక్ అడ్రసును స్కాన్ చేయండి. ఒక్క పోర్టు తెరిచి కనిపించినా పని పూర్తి కాలేదు. కనిపించిన పోర్టు నంబరు రాసుకుని రౌటర్‌లోకి తిరిగి వెళ్లండి. మీరు పెట్టిన ఫార్వార్డింగ్ కాకపోతే పాత ఇన్‌స్టాలర్‌దో, కెమెరా రికార్డర్‌దో అయ్యుంటుంది. అది తీసేసి మళ్లీ స్కాన్ చేయండి.